మూడున్నర సినిమాలు

శుక్రవారం సాయంత్రం షావుకారు చెప్పాడు,
పిక్కల లారీ రాలేదు, సోమవారం దాకా పని లేదని.
కూలి పోయిందని ఏడవాలో
కాళ్లు చాపుకోవాలో తేలక
నేనూ హైమావతీ సినిమాకి పోయాం.

కాశీబుగ్గలో పాత హాలు,
స్ప్రింగులు బయటపడ్డ కుర్చీలు.
టికెట్టు చింపే దండాసి నా వేళ్లు చూసి
"జీడి ఫేక్ట్రీయేనా?" అన్నాడు.
సొన కాల్చిన నలుపు, ఏ సబ్బుకీ పోదు.
ఆ నలుపుతోనే పాప్‌కార్న్ తిన్నాం.

అందులో తుపాను వచ్చింది.
ఫ్యాన్లు పెట్టి ఊదినట్టున్నారు,
హీరో జుట్టు ఒక్క పక్కకే ఎగిరింది.
పాట అయ్యేసరికి గాలి ఆగింది,
ఆమె చీర ఆరిపోయింది కూడా.
నేను తిత్లీ రాత్రి
మంచం కింద ముగ్గురం ఒకే దుప్పట్లో దూరినదాన్ని.
తెల్లారేసరికి తోటలో జీడిచెట్లు
వేళ్లు పైకి చూపిస్తూ పడున్నాయి.
ఆ తర్వాత పన్నెండు రోజులు కరెంటు లేదు.
జనరేటరు దగ్గర లైన్లో నిలబడి
ఫోను ఛార్జింగుకి ఇరవై రూపాయలిచ్చాం,
ఛార్జింగెక్కాక చూస్తే సిగ్నల్ లేదు.
తుపానంటే గాలి కాదు,
గాలి వెళ్లిపోయాక నిలబడే లైను.
ఆ లైను సినిమాలో లేదు.

శనివారం రెండో ఆట, ప్రేమకథ.
మంచు పడే దేశం, రైల్వే స్టేషను,
ఇద్దరూ విడిపోతున్నారు.
ఆమె పెదవి విప్పింది.
సరిగ్గా అప్పుడే మా గేటు దగ్గర గూడ్సు కూసింది.
కుర్చీలు వణికాయి, పెట్టె తర్వాత పెట్టె,
మంచులోంచి మా పలాస బొగ్గు బండి దాటిపోయినట్టు.
అది వెళ్లేసరికి ఆమె మాట అయిపోయింది,
అతను ఏడుస్తున్నాడు.
"ఉండిపో అన్నాది" అంటుంది హైమావతి.
నాకు "ఎల్లిపో" అనే వినిపించింది.
ఇంటిదాకా దాని మీదే కొట్లాట.

ఆదివారం పొద్దున్న ఫోన్లో ఒకటి మొదలెట్టాను.
హంతకుడు తలుపు తీస్తుండగా నెట్ అయిపోయింది.
ఆ తలుపు ఇంకా
గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

సాయంత్రం నవ్వుల సినిమా అన్నారు.
బంగళా గేటు దగ్గర ఒక వాచ్‌మేన్, పేరు లేదు.
"ఓలమ్మోలమ్మో, ఏటి బావూ ఇలగొచ్చీసినారు!"
హాలంతా పగలబడింది.
నేనూ నవ్వాను.
ముందు నవ్వాను, తర్వాత విన్నాను.

మా అయ్య మాటది.
వారానికి రెండుసార్లు పలాస ఆసుపత్రిలో
సూదులున్న చెయ్యి కదపకుండా
"ఏటి బావూ, ఇంకెన్నాల్లు?" అని
డాక్టరు గారిని అడిగే మాట.
అక్కడ ఎవరూ నవ్వరు.
నర్సమ్మ రక్తం తిరిగే గొట్టం చూస్తుంది.

పైగా వాడికి మాట రాదు.
మేం నేదు అనే చోట లేదండోయ్ అన్నాడు.
అరువు చొక్కాలా
ఆ యాస వాడి భుజాల మీంచి జారిపోతోంది.
ఇంటర్వెల్ తర్వాత వాడు మళ్లీ కనబడలేదు.
గేటు పక్కన కుర్చీ మాత్రం ఉంది, ఖాళీగా.
కార్లు వస్తున్నాయి, పోతున్నాయి,
పెళ్లి కూడా అయింది.
నేను ఆ కుర్చీనే చూస్తూ కూచున్నాను.

సోమవారం లారీ వచ్చింది.
పప్పు ఒలుస్తూ కథ చెప్పమన్నారు.
చెప్పాను:
వాచ్‌మేన్ పేరు నీలాచలం,
ఊరు మందస దగ్గర,
అయ్యకి బాగోలేదని కబురొస్తే
సెలవడక్కుండానే రాత్రి బండెక్కేశాడు,
సంచిలో రెండు బత్తాయిలు,
చేతిలో గేటు తాళం, ఇవ్వడం మర్చిపోయి.

యంత్రం చప్పుడు మించి
అందరూ వింటున్నారు.
తవిటమ్మప్ప మాత్రం పొట్టు ఊదుకుంటూ
"మరి హీరో ఏటైనాడే?" అంది.

పప్పు విరక్కుండా రెండు బద్దలూ చూసుకుని అన్నాను:
"ఏటౌతాడప్పా,
గేటు తీసీవోడు నేక బయిటే ఉండిపోనాడు,
హారను కొట్టుకుంట."